ఊమె జాడీలు తీసిన గోడ

సవాకోకు,

యూజు నిమ్మకాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి గానీ, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తోంది. ఇక్కడ నేనూ పిల్లీ బాగున్నాం. కోచి ఆసుపత్రిలో నీ దగ్గు తగ్గిందని చదివి కుదుటపడ్డాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మీ అమ్మ ఫోటో ముందు రోజూ అన్నం పెడుతున్నాను. నీ ఊమె పళ్ల ఊరగాయ జాడీలు ఉత్తరపు గోడ దగ్గర్నుంచి తీసి స్నానాల గది పక్కన పెట్టాను, ఒక్కటీ పగల్లేదు. మూడోది, "ఆక్సిజన్ యంత్రంతో ఇంటికొస్తే, తుఫానుకు కరెంటు పోయిననాడు నా గతేమిటి? నేనిక్కడే ఉండిపోతాను" అన్నావు. జాడీలు తీసింది అందుకే.

ఆ గోడకు ఇప్పుడు బియ్యం పెట్టెంత బ్యాటరీ ఉంది. వరద అందనంత ఎత్తులో బిగించారు. ఇన్నాళ్లూ మన కప్పు మీది సోలార్ పలకలు వీధి తీగను నమ్ముకుని పనిచేశాయి. తీగలో కరెంటు పోతే ఇవీ పడుకునేవి. ఇప్పుడు పాత ఇన్వర్టరు తీసేసి, బ్యాటరీని కూడా నడిపేది పెట్టారు. పలకలు పాతవే. పని చేసింది, అప్పట్లో వాటిని బిగించిన మాకిసే కూతురు నాత్సుయో. తండ్రి కన్నా నోరెక్కువ, పని కూడా శుభ్రం.

అంతా బిగించి, బ్యాటరీ కొంత నిండేసరికి ఎండ కొండ దాటింది. "బాబాయ్, మెయిను స్విచ్చి మీరే దించి చూడండి" అంది.

"నేనా?"

"ఇల్లు మీది కదా. ఏమన్నా అయితే పిన్నికి నేను చెప్పుకుంటాలే."

దించాను. చీకటవుతుందని కళ్లు మూసుకున్నాను కూడా. గోడ ప్లగ్గుకున్న రేడియోలో వాతావరణం చెప్పే ఆమె మాట మధ్యలో ఆగలేదు. ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది. పగలు మన కప్పు మీద పడిన ఎండ, సూర్యుడు లేని వేళ వంటింటి దీపంలో వెలుగుతోంది. అరవై ఏళ్లు ఎండలో పనిచేశాను. దాన్ని దాచుకోవచ్చని తెలియదు. బయటికెళ్లి, తలగుడ్డ తీసి, కప్పుకు వంగి దండం పెట్టాను.

"చెమట నాది, దండం దానికా!" అని నాత్సుయో వెక్కిరించింది.

నీ యంత్రం, ఫ్రిజ్, ఒక దీపం వరకైతే ఒక రాత్రీ పగలూ నడుస్తాయట. ఎండ వస్తే మళ్లీ నిండుతుంది. రెండు రోజులు ముసురు పట్టిందంటే చాలదు. అందుకని ఆసుపత్రి వాళ్లను అడిగి ఒక ఆక్సిజన్ సిలిండరు కూడా తెచ్చిపెట్టాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కుదరలేదు.

పాత ఇన్వర్టరు విప్పబోతూ నాత్సుయో గోడ మీది అగ్నిరక్ష కాగితం తీసింది. గుడి నుంచి తెచ్చి నేను అంటించిందే. దాని వెనక ఒక ప్లగ్గు ఉంది. మెయిను దించి, ఇన్వర్టరు మీద ఒక మీట నొక్కి, మీ అమ్మ గదిలోని ఫ్యాను తెచ్చి అందులో పెట్టింది. తిరిగింది.

"కరెంటు పోయినప్పుడు పగటిపూట వాడుకోవడానికే ఇది. మా నాన్న చెప్పలేదా?"

చెప్పాడు. పదేళ్ల కిందట, పలకలు బిగించిన రోజున. అర్థం కాలేదని అనడానికి మొహం చెల్లక, "సరే, సరే" అని తలూపి కాగితాల మీద ముద్ర వేశాను. తర్వాత వాడని ప్లగ్గులో దుమ్ము చేరితే నిప్పంటుకుంటుందని భయపడి దాని మీద రక్ష అంటించాను.

కిందటి తుఫానుకు కరెంటు పోయాక నాలుగు రోజులు మాడ్చే ఎండ. "ఇంత ఎండుంది, పైన పలకలున్నాయి, అమ్మకు ఒక్క ఫ్యాను తిరగదా?" అని నువ్వడిగావు. "తెలియనిదానివి, ఊరుకో" అన్నాను. ఉక్కకు తాళలేకే ఆమెను, తుఫాను బాధితుల కోసం తెరిచిన బడి హాలుకు తీసుకెళ్లాం. అక్కణ్నుంచి ఆమె ఇంటికి రాలేదు.

నీకిది చెప్పకుండా, ఇల్లు సిద్ధమైంది రమ్మని రాయలేను. రావాలో వద్దో నువ్వే చెప్పు.

ఈసారి నాత్సుయో చేత అంతా మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి, "బాబాయ్, నాకు నోరు నొప్పెడుతోంది" అంది. కరెంటు పోతే ఏం చేయాలో వరసగా రాసి, రక్ష ఉన్న చోట అంటించాను. అక్షరాలు పెద్దవి. కళ్లజోడు లేకుండానే చదువుకోవచ్చు.

ఇట్లు,
నీ భర్త
యోషినోరి