కామిక్‌లో రుక్కమ్మ

జూన్ 9
వనపర్తిలో ఒక ట్రస్టు కట్టబోయే డయాలసిస్ సెంటర్ డిజైన్‌ను రాఘవేందర్ సార్ నాకిచ్చారు. ఈ ఆర్కిటెక్ట్ ఆఫీసులో నాదంటూ మొదటి పని. ఎవరి కోసం కడుతున్నామో చూడాలని పక్కనున్న పెద్దమందడి ఊరికి వెళ్లాను. ఆ ఊరి రుక్కమ్మ వారానికి రెండుసార్లు మహబూబ్‌నగర్ పోయి డయాలసిస్ చేయించుకుంటోంది. ప్లాన్ పరిచి చూపించాను. మర్యాదకు తలూపింది. ఒక్క గీతా అర్థం కాలేదని తెలిసిపోయింది.

జూన్ 12
ప్లాన్ పక్కన పెట్టి కామిక్ గీశాను. ఆరు గడులు. రుక్కమ్మ బస్సు దిగుతుంది, గేటులోంచి నడిచి వస్తుంది, మెట్లెక్కుతుంది, వార్డులో పడుకుంటుంది, లేస్తుంది, మెట్లు దిగుతుంది.

జూన్ 14
రుక్కమ్మ గడిగడికీ వేలు పెట్టి చూసింది. "గీమె నేనే గదా!" అని నవ్వింది. చివరి గడి దగ్గర వేలు ఆగిపోయింది. "ఎక్కుడు ఎట్లనో ఎక్కుత. మిషన్ కాడికెల్లి లేసినంక కాళ్లు వణుకుతయి బిడ్డా. గిన్ని మెట్లు దిగనీకి నాతోని కాదు" అంది.
ఐదేళ్ల కాలేజీలో నా డిజైన్ మీద ఎవరూ ఇంత మంచి విమర్శ చేయలేదు. అక్కడే కూర్చుని మెట్లు చెరిపేశాను. వార్డును గ్రౌండ్ ఫ్లోర్‌కు దింపాను.

జూన్ 23
ట్రస్టు మీటింగ్. కామిక్ చేతి నుంచి చేతికి తిరిగింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత, అద్దెలొస్తాయని కింద మందుల షాపులు, వార్డు పైన అని తేల్చేశారు. లిఫ్ట్ సెకండ్ ఫేజ్‌లోనట. రుక్కమ్మ మాట చెప్పాను. "బొమ్మ మస్తుగుంది బుష్రా, గని బిల్డింగ్ బొమ్మ కాదు గదా" అన్నాడు చైర్మన్. సార్ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

జూన్ 24
డ్రాయింగ్ మార్చాను. నేనే మార్చాను.

ఫిబ్రవరి 2
ప్రారంభోత్సవం. మెట్ల పక్క గోడ నిండా నా కామిక్ పెయింట్ చేయించారు. మెట్లు చెరిపేసిన కామిక్. రుక్కమ్మ భర్త హన్మంతు భుజం పట్టుకుని ఎక్కుతూ సగంలో ఆగింది. గోడ మీద తనను తాను చూసుకుంది. తిడుతుందనుకున్నాను. "మంచిగ గీసినవ్ బిడ్డా" అంది.

మార్చి 9
సెంటర్‌లో నర్సు వనజ ఫోన్ చేసింది. దిగేటప్పుడు రుక్కమ్మ మెట్ల మీద పడిందట. వారం నుంచి రావడం లేదట. వెంటనే వెళ్లాను. డయాలసిస్ లేక ఆమె ముఖం ఉబ్బిపోయి ఉంది. మహబూబ్‌నగర్‌కైనా పోదామని బతిమాలాను.
"అలిసిపోయిన బిడ్డా. ఇగ ఏడికీ రాను."

మార్చి 20
రుక్కమ్మ పోయి నాలుగు రోజులు. ఆధార్ కార్డు ఫోటోలో రుక్కమ్మ రుక్కమ్మ లెక్క లేదని, పటం కట్టించుకోడానికి హన్మంతు నా కామిక్ అడిగాడు. ఏ గడి కావాలన్నాను. గేటులోంచి నడిచి వచ్చేది ఇమ్మన్నాడు.