మూడో గుంతలో బీరగింజ

పెరటి గోడవారగా మూడో గుంతలో ఉన్న బీరగింజగారికి,

నమస్కారాలు. గింజలతో రోజూ మాట్లాడితే తొందరగా మొలుస్తాయని మా అమ్మమ్మ చెప్పింది. నాకు మనుషులతోనే మాట పెగలదు. పైగా మేడమీద ఇంటివాళ్ళ కిటికీలు తెరిచే ఉంటాయి. అందుకని రాసి, రాయి కింద పెడుతున్నాను.

మిమ్మల్ని నాటి పదకొండు రోజులైంది. చలి పోయింది, ఎండ వచ్చింది, మీరు రాలేదు. ఒకటో తారీకులోగా ఒక్క మొక్కైనా లేవకపోతే ఇక్కడ స్కూటరుకి షెడ్డు వేస్తానని ఇంటాయన ఇంటిల్లిపాది ముందూ అనేశారు. ఆలోచించుకోండి.

ఇట్లు,
కింది వాటా అమ్మాయి

తా.క. పక్క గుంతలవాళ్ళకి కూడా చదివి వినిపించగలరు. కాగితం ఒకటే ఉంది.

*

అమ్మాయికి, గింజ ఆశీర్వదించి రాయునది.

రోజుకి మూడు బకెట్లు పోస్తున్నావు. నేను మొలవాలా, ఈదాలా? నిన్న సాయంత్రం మట్టి తవ్వి, తొంగి చూసి, మళ్ళీ కప్పెట్టావు. పడుకున్నవాళ్ళ దుప్పటి అలా లాగుతారా? ఒక్క చెంబు చాలు.

ఇట్లు,
బీరగింజ

తా.క. ఇంటాయన అంత చెడ్డవాడేం కాదని పక్క గుంతలో అనుకుంటున్నారు.

*

బీరగింజగారికి,

చెంబుకి దిగాను. మీరెవరో కూడా తెలిసిపోయింది, మేడమీది పిన్నిగారూ. ఈ ఇంట్లో నన్ను నవ్వుతూ పలకరించేది మీరొక్కరే. మీవారితో ఇన్నేళ్ళు ఎలా వేగారండీ? నిన్న ఆయన మెట్ల దగ్గర ఎదురైతే, భయపడి వెనక్కి తిరిగి వీధిలోకి పోయి, అక్కర్లేని సబ్బు కొనుక్కొచ్చాను.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. ఇప్పటికి ఏడు సబ్బులయ్యాయి.

*

అమ్మాయికి,

నేను పిన్నిని కాను, గింజని. గింజలకి పెళ్ళిళ్ళుండవు. ఇంటాయన ఎదురైతే పారిపోనక్కర్లేదు. నీతో ఏం మాట్లాడాలో తెలియకే మొహం అలా పెడతాడు.

ఇట్లు,
గింజ (ముమ్మాటికీ)

తా.క. ఇవన్నీ ఎలా తెలుసని అడక్కు. నాకింకా వేళ్ళు రాలేదు గానీ చెవులొచ్చాయి.

*

పిన్నిగారికి, కాదు, గింజగారికి,

రేపే ఒకటో తారీకు. ఒక్కటీ మొలవలేదు. షెడ్డు రేకులు తెచ్చి గోడకి ఆనించేశారు కూడా. ఇన్నాళ్ళూ మాట్లాడినందుకు కృతజ్ఞతలు. ఇంత వరసగా నేనెవరితోనూ మాట్లాడలేదు.

ఇట్లు,
అమ్మాయి

*

గింజగారికి,

పొద్దున్నే చూశాను. రాత్రికి రాత్రే జానెడు లేచారు. ఆరు ఆకులు, ఒక పువ్వు. ఆ సంతోషంలో మెట్ల మీద ఇంటాయన కనబడితే, నిలబడి "మొలిచింది బాబాయిగారూ" అనేశాను. ఈసారి ఆయనే మేడెక్కి పారిపోయారు.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. ఒక్క సందేహం. మీరు టమాటా అయ్యారేమిటి? కాళ్ళకి నర్సరీ సంచి కూడా ఉంది.

*

కింది వాటా అమ్మాయికి ఇంటి యజమాని తెలియజేయునది.

గడువులోగా మొక్క లేచింది. నలుగురి ముందూ అన్న మాట తప్పలేను. రేకులు వెనక్కి పంపేశాను. నర్సరీలో బీరమొక్కనే అడిగాను, కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళడం నా తప్పే.

ఇకనుంచి నాటేటప్పుడు నేనూ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మాట్లాడుకోనక్కర్లేదు.

ఇట్లు,
బాబాయి

తా.క. నీ గింజల తప్పేం లేదమ్మా. నువ్వు పనికి వెళ్ళగానే ఆరు గుంతలూ తవ్వి గింజలు ఏరేసింది మీ పిన్నిగారే. ఇవాళే గింజల డబ్బాతో సహా పట్టుకున్నాను. స్కూటరు ఆవిడది. నాకు నడపడమే రాదు.