కృపమ్మకు చదవని లైను

7-7-2025, సోమవారం

తెనాలి వెళ్ళాను. మోటారు షాపుకి కాపర్ వైరు కావాలని మా ఆవిడ కృపమ్మతో చెప్పాను. డాక్టరు గారు నా మెడ మీది గడ్డలోకి సూది పెట్టి శాంపిల్ తీశారు. శుక్రవారం రిపోర్టు. ఇంట్లోవాళ్ళని తీసుకురాలేదేం అని అడిగారు. ఊళ్ళో లేరన్నాను.

తిరిగొస్తూ రేపల్లె ప్యాసింజర్లో ఫోనులో కొరియన్ సినిమా చూశాను. వాళ్ళ సినిమాల్లో నాకు నచ్చేది, చివర్లో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. నచ్చనిది రక్తం. ఈరోజు చూడలేక సగంలో ఆపేశాను.

సాయంత్రం కృపమ్మా నేనూ కొత్త కొరియన్ సీరియల్ రెండో ఎపిసోడ్ చూశాం. ఆమెకు ఇంగ్లీషు రాదు. కింద ఇంగ్లీషులో వచ్చే లైన్లు నేను చదువుకుని తెలుగులో చెబుతాను. నాదీ బడిలో వచ్చిన ఇంగ్లీషు కాదు. మోటారు డబ్బాల మీదా, ఈ సీరియళ్ళ కిందా చూసి నేర్చుకున్నది. లైను లైనుకీ ఆపాలి. గంట ఎపిసోడ్‌కి రెండు గంటలు. రోజు మొత్తంలో నేను ఎక్కువగా మాట్లాడేది అప్పుడే. అవీ వేరేవాళ్ళ మాటలు.

8-7-2025

మూడో ఎపిసోడ్. హీరో పడవలు బాగుచేసే మనిషి. డాక్టరు అతనికి క్యాన్సర్ అని చెప్పాడు. లైను తెర మీద ఆగి ఉంది. ఏంటంటున్నాడండీ అని కృపమ్మ అడిగింది. అల్సరంట, కారం తినొద్దంట అన్నాను. దానికే అంత ఏడవాలా అంది.

9-7-2025

రెండు పంపుసెట్లకి వైండింగ్ చేశాను. పని చేసేటప్పుడు కొరియన్ పాటలే పెట్టుకుంటాను. తెలుగు పాటైతే మనసు మాటల వెంట పోయి వైరు చుట్ల లెక్క తప్పుతుంది. వీటికి అర్థం తెలియదు కాబట్టి లెక్క నిలుస్తుంది. హుషారు పాటల కంటే, ఒక్కరే నెమ్మదిగా పాడేవి నాకిష్టం. ఈరోజు వాటికి కూడా లెక్క తప్పింది. మొత్తం విప్పి మళ్ళీ చుట్టాను.

బాపట్ల నుంచి హెప్సిబా ఫోన్ చేసింది. మా అమ్మాయి అక్కడ కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. నాకీ కొరియన్ పిచ్చి అంటించింది తనే. ఏం నాన్నా, ఆ కొరియన్ బ్యాండు కుర్రాళ్ళు ఏడుగురిలో ఎవరెవరో ఇప్పటికైనా గుర్తుపడుతున్నావా అని ఏడిపించింది. వాళ్ళు జుట్టు రంగు మార్చకుండా ఉంటే పడతానన్నాను. గొంతేంటి అలా ఉంది అంది. దుమ్మన్నాను.

ఈ సీరియళ్ళలో నాకు పడనిది ఒకటుంది. ఒక్క మాట చెబితే మూడో ఎపిసోడ్‌లో తీరిపోయేదాన్ని పన్నెండో ఎపిసోడ్ దాకా నోట్లోనే పెట్టుకుంటారు. కృపమ్మ దగ్గర ఇది చాలాసార్లు అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగింది.

10-7-2025

అల్సర్‌కి జుట్టు ఊడుతుందా అని కృపమ్మ అడిగింది, కొరియాలో ఊడుతుందేమో అన్నాను.

11-7-2025, ఉదయం 6

లేచేసరికి కృపమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పడవలాయనకి అల్సర్ కాదని నాకు మొదటి రోజే తెలుసండీ అంది. అతని మొహం చూస్తే తెలీదా, ఇంగ్లీషు రాకపోతే కళ్ళు కూడా లేవనుకున్నారా అంది. వైరుకని తెనాలి వెళ్ళిన మనిషి వైరు లేకుండా వచ్చాడు, వచ్చిన దగ్గర్నుంచి మెడ తడుముకుంటూనే ఉన్నాడు. నోరు తెరుస్తారేమోనని నాలుగు రోజులు చూశాను, ఇక నా వల్ల కాదు, ఈరోజు మళ్ళీ తెనాలి అన్నారుగా, నేనూ వస్తాను, బండికి టైమైంది పదండి అంది.

చెప్పాను. తలుపుకి తాళం వేసేలోపే చెప్పడం అయిపోయింది.

11-7-2025, మధ్యాహ్నం

క్యాన్సర్ కాదు. థైరాయిడ్ దగ్గర మామూలు గడ్డ. ఆరు నెలలకోసారి స్కానింగ్ తీయించుకుంటే చాలన్నారు. ఊళ్ళో లేనన్నారంట నన్ను అని కృపమ్మ డాక్టరు గారి ముందే అంది. ఆయన నవ్వాపుకున్నారు.

బయట బెంచీ మీద కూర్చున్నాక రిపోర్టు నా చేతిలో పెట్టింది. ఇదీ ఇంగ్లీషే, ఉన్నదున్నట్టు చదవండి అంది. ఆగి ఆగి చదివాను. రాని మాటలు అక్షరాలు కూడబలుక్కుంటూ పలికాను. అంతా అయ్యాక ఆమె కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది. తర్వాత నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. ఇద్దరం ఇడ్లీ తిన్నాం. నేను రెండో ప్లేటు కూడా తిన్నాను.

హెప్సిబాకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ముందు తిట్టింది. తర్వాత ఏడ్చింది.

12-7-2025

మూడో ఎపిసోడ్ మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది కృపమ్మ. ఈసారి ఏ లైనూ వదల్లేదు. హీరోయిన్ నటన చాలా బాగుంది, మొన్న సరిగా చూడలేదు. వెనక వచ్చే పియానో కాస్త ఎక్కువైంది. హీరో బతుకుతాడని కృపమ్మ అంటోంది. నాకు నమ్మకం లేదు.

14-7-2025

పొద్దున్నే పన్ను నొప్పి. టిఫిన్ కాకముందే కృపమ్మకి చెప్పాను.