ఎడమ పక్క

అక్కా,

ఫోన్ చేస్తే నువ్వు అన్నిటికీ "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. చదివి చించెయ్యి.

నాకు నీ మరిదిని చూస్తే రోత పుడుతోంది. కోపమైతే రెండు గిన్నెలు విసిరి ఊరుకునేదాన్ని. ఇది అది కాదు. ఆయనకి అన్నం వడ్డించడం కూడా మానేశాను.

మొన్నటి కార్యక్రమం సంగతి చెప్పాను కదా. ముందు చెవి డాక్టరుగారైన నీ మరిది ఉపన్యాసం, తర్వాత నా వయొలిన్ కచేరీ. హాలు గోడల నిండా మా ఫోటోలు పక్కపక్కనే. పెళ్ళిలో కూడా మేమంత దగ్గరగా నిలబడలేదు.

నేను వేదిక పక్కన తీగలు శ్రుతి చేసుకుంటున్నాను. ఆయన గోడంత తెర మీద ఒక గీత వేశాడు. సగం దూరం తిన్నగా వెళ్ళి, తర్వాత గోతిలో పడ్డట్టు పడిపోయింది. "ఇది ముప్ఫై ఏళ్ళు వయొలిన్ వాయించిన ఒకావిడ ఎడమ చెవి. పై స్వరాలు దాదాపు వినపడవు. వయొలిన్ మోగేది ఆ చెవి కిందే మరి" అన్నాడు. ముందు వరసలో ఎవరో అయ్యో అన్నారు. ఇంకెవరో "ఆవిడకి తెలుసాండీ?" అని అడిగారు. ఈ మహానుభావుడు గ్లాసెడు నీళ్ళు తాగి, నా వైపు ఒక చూపు చూసి, "తెలియాల్సిన మనిషికే తెలీదు" అన్నాడు. దానికి చప్పట్లు! ఛీ.

పోయిన నెల నాకూ పరీక్ష చేశాడే. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినపడితే మీట నొక్కమన్నాడు. బయటికొచ్చాక "బాగానే ఉంది, పద" అన్నాడు. అదీ బాగుండడం! నాకు చెప్పడానికి నోరు రాలేదు గానీ హాలు హాలంతటికీ చెప్పడానికి మైకు దొరికింది. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోను?

తర్వాత నేనెలా వాయించానో అడక్కు. పై స్వరం పట్టిన ప్రతిసారీ, ఇది నాకు నిజంగా వినపడుతోందా, అలవాటు మీద వేలు పడుతోందా అని అనుమానం. చివర్లో ఒక పెద్దాయన వచ్చి "మీ దంపతులు పాలూ నీళ్ళలా కలిశారమ్మా" అన్నాడు. ఒళ్ళు కంపరమెత్తింది.

కారులో అడిగాను, ఆ చెవి ఎవరిదని.

"చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"నీకు అసలే చెప్పకూడదు."

విన్నావా ఆ నిబ్బరం!

వయొలిన్ పెట్టెకి తాళం వేసేశాను. ఇక వాయించను. ఈ మనిషితో ఉండలేను, నెలాఖరుకి నీ దగ్గరికి వచ్చేస్తాను. నువ్వైనా మోకాళ్ళ నొప్పులని చెప్పి గౌరవంగా కచేరీలు మానుకున్నావు. నా పక్కన వాయించడం ఇష్టం లేకే మానావని నాకు తెలుసులే. మన ఆఖరి జంట కచేరీలో నా చోటు అడిగావు, చిన్నప్పట్నుంచీ నాకు అచ్చొచ్చిన ఎడమ పక్క. "అన్నీ ముందు నీకే వచ్చాయి, ఇది కూడా కావాలా?" అన్నాను. ఆ మాట పట్టుకునే కదా నువ్వు... సరే, ఇప్పుడా గొడవెందుకు. నాకొక మంచం వేసి ఉంచు.

నీ బుజ్జి

బుజ్జీ,

చదివాను. చించలేదు. నీ తొందర తగలెయ్య! మరిదిని ముందు కడుపునిండా తిననివ్వు. నీ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. తెర మీద వేసింది నా చెవి.

కచేరీలు మానేసే ముందే ఆయన దగ్గరికి వెళ్ళాను. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని నా భయం. "బుజ్జికి చెప్పెయ్యండి వదినా" అని కనపడినప్పుడల్లా పోరేవాడు. ఆ గీత వెయ్యమన్నదీ నేనే. నా నోట రానిది, పేరు లేకుండానైనా, ఎవరో ఒకరు పైకి అంటే వినాలనిపించింది. వెనక వరసలో కూర్చున్నాను. నీ కంటపడకుండా వెళ్ళిపోయాను.

రోత నాకూ ఉందే, ఈ చెవుల మీద. నలుగురు నవ్వుతుంటే నన్ను చూసేనేమో అనిపిస్తుంది. కుడిదీ మెల్లగా అదే దారి పట్టింది. ఫోన్లో "ఆఁ, ఆఁ" అనేది సగం మాటలు అందక. మొన్న నీ పై స్వరాలు కూడా నీ కమాను కదలడం చూసి పోల్చుకున్నాను.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నీకు ఎడమ పక్కన కూర్చుంటే నా కుడి చెవి నీ వైపు ఉంటుంది. అందుకే ఆ రోజు చోటు అడిగాను.

అక్క

అక్కా,

ఆయనకి వడ్డించాను. మాట్లాడటం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. మోకాళ్ళ మీద ఇన్నాళ్ళు అబద్ధం చెప్పినందుకు నీ మీద కూడా ఒళ్ళు మండుతోంది. నా మీద నాకున్న రోత సంగతి సరేసరి.

పెట్టె తాళం తీశాను. శనివారం వయొలిన్ పట్టుకుని రా. ఎడమ పక్కన కూర్చో. పెద్దగా వాయిస్తాను.

బుజ్జి