ఇస్త్రీ బల్ల ఖాళీగా ఉండరాదు

సందు మూల లాండ్రీని నడుపుతున్న నేను, ఆ లాండ్రీ పెట్టిన మనిషికి ఒక్కగానొక్క కూతుర్ని, మెడ ఎముక దగ్గర పెరిగిన కణితిని గురువారం తీయించుకోబోతూ, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మెడకు కింది భాగం సంగతి డాక్టర్లు చూస్తున్నారు. పై భాగం సక్రమంగానే ఉందని నేనే ధ్రువీకరిస్తున్నాను. కుడిచేతికి స్పర్శ లేనందున ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నంత మాత్రాన బుద్ధి వంకరని ఎవరూ వాదించరాదు.

భయంగా ఉందా అని అందరూ అడుగుతున్నారు. లేదు. కిందటి నెల ఇస్త్రీపెట్టె చేతికి ఆనితే, కాలిన వాసన వచ్చాక గాని తెలియలేదు. ఇప్పుడు లోపల కూడా అలాగే ఉంది.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా మేనత్తది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, 'ఈ మరక మేం చేసింది కాదమ్మా, మీ వంటింట్లోంచే వచ్చింది' అని దబాయించగల మనిషి మాకు మరొకరు లేరు.

2. ఉతుకు యంత్రాలు, బాయిలరు, ఇస్త్రీ బల్లలు, కొట్టు మీద నాకున్న సమస్త హక్కులు మేనత్తకూ, బట్టలు మడిచే మడతలమ్మకూ చెందవలెను. మడతలమ్మ 'నాకెందుకు తల్లీ ఈ తలనొప్పి' అంటుంది. అననివ్వండి. పనిచేసే చేతిదే యంత్రం అని నేను చదివిన ప్రతి కరపత్రమూ చెప్పింది.

3. ఆ కరపత్రాల పెట్టె గ్రంథాలయానికి. వాళ్ళు వద్దంటే, ఉతికిన చొక్కాల మడతల్లో అట్టకు బదులు ఒక్కొక్కటీ పెట్టి పంపవచ్చు. ఎవరో ఒకరు చదవకపోరు.

4. మా పెదనాన్నకు ఏమీ లేదు. నాన్న పోయిన రోజున ఫోన్ చేసి 'నా తెల్లప్యాంటు అయిందా' అని అడిగిన మనిషి ఆయన. ఇకమీదట ఆయన బట్టలు అందరివీ అయ్యాకే ఉతకవలెను.

5. ఇక పనివాళ్ళ సంగతి. ఊరి చివర పెద్ద లాండ్రీ వచ్చినప్పటి నుంచి చేయి తిరిగిన ఇస్త్రీ మనిషి దొరకడం గగనమైంది. అయినా 'పనివాళ్ళు కావలెను' అని నేను బోర్డు పెట్టలేదు. మనిషిని మనిషి కొనడం నాకు పడదు. 'భాగస్వాములు కావలెను' అని పెట్టాను. వచ్చినవాళ్ళు 'నష్టమొస్తే?' అన్నారు. అందులోనూ వాటానే అన్నాను. 'నీకో దండం తల్లీ' అని గుమ్మంలోంచే తిరిగిపోయారు.

నిలిచినవాడు ఒక్కడే. ఎత్తు చూసి మేం పొడుగు అని పిలిచేవాళ్ళం. అతను నొక్కిన కాలరు అట్టముక్కలా బిగుసుకోదు, మెడ చుట్టూ ఒద్దికగా ఒదుగుతుంది. అతనూ వెళ్ళిపోయాడు. 'అమ్మాయిగారూ, వాటా అంటే ఇంటికెళ్ళినా బాయిలరు గురించే బెంగ. ఒకటో తారీకున జీతం, ఆదివారం సెలవు, చాటుగా తిట్టుకోడానికో యజమాని. ఇవుంటే నాకు చాలు' అన్నాడు. నీది బానిస బుద్ధి అన్నాను, నడివీధిలో, నలుగురి ముందు. ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి పెద్ద లాండ్రీకి నడిచాడు.

అప్పటి నుంచి ఆ బల్ల నాదే. ఇప్పుడు నా చేయి ఇలా ఉంది. సోమవారం ఆసుపత్రి దుప్పట్లు వస్తాయి. బల్ల దగ్గర మనిషి లేకపోతే ఆ ఆసుపత్రి పని పోతుంది. అది పోతే నేను పైన రాసిచ్చింది వట్టి తుప్పు ఇనుము.

6. అందుచేత పొడుగుకు కూడా సమాన వాటా రాస్తున్నాను.

7. పై ఆరో షరతు కొట్టివేయడమైనది. కారణం: మేనత్త ఈ పొద్దున అతన్ని పిలిపించి ఆ షరతు చూపించింది. 'మళ్ళీ వాటాయేనా!' అని తల పట్టుకున్నాడు. 'దానిది వాళ్ళ నాన్న మొండితనం, సర్దుకో నాయనా' అంది మేనత్త. ఎదురు కొట్టు గడియారాల మెకానిక్ సాక్షి సంతకానికి వచ్చి కూర్చున్నాడు, ఇంకొకరు కావాలి. వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళు సాక్షి సంతకం పెడితే వాళ్ళ వాటా చెల్లదని అతనే చెప్పాడు. పొడుగు ముఖం వెలిగిపోయింది. 'అయితే ఆ సంతకం నేనే పెడతా. పీడా వదులుతుంది. జీతం మాట తేల్చండి' అన్నాడు.

8. కాబట్టి, నేను ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినా రాకపోయినా, పొడుగును నెలజీతానికి పనిలో పెట్టుకోవలసిందిగా మేనత్తను ఆదేశిస్తున్నాను. ఆదివారం సెలవు. సిద్ధాంతం తప్పని నేను ఒప్పుకోవడం లేదు. 'పనిలో పెట్టుకోవడం' అన్న మాట నా చేత్తో రాయడం ఇదే మొదలు. రాస్తే ఏదో అయిపోతానని అనుకునేదాన్ని. ఏమీ కాలేదు.

ఇది రాస్తుండగానే అతను బల్ల దగ్గరికి వెళ్ళి, నేను ఎడమచేత్తో నొక్కిన చొక్కాలన్నీ విప్పి మళ్ళీ నొక్కుతున్నాడు. సంతకానికి రమ్మంటే, 'ఉండండి, ఈ కాలరు అవనీయండి' అంటున్నాడు. ఉన్నాము.

మార్చి 14, 2023, మంగళవారం.

(ఎడమచేతి సంతకం)
సందు మూల లాండ్రీ

సాక్షులు:
గడియారాల మెకానిక్, ఎదురు కొట్టు.
పొడుగు, ఇస్త్రీ పనివాడు. ఈ వీలునామా వల్ల ఏమీ పొందనివాడు.