శెనక్కాయ పూల అంచు

మంగళవారం, రాత్రి

మా చేన్లో శెనక్కాయ పూలు చూసి ఆ అంచు గ్రాఫ్ కాయితం మీద గీసింది నేను. మా ఆయన మగ్గం మీద సగం నేసేసరికే సంబరం పట్టలేక ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టినా. నా తెలివి తగలెయ్య!

ఈ పొద్దు చీర పట్టుకొని షావుకారు అంగడికి పోతే, అదే అంచుతో మిషన్ చీరలు కుప్పగా ఉండాయి.

"ఈ అంచు నాదన్నా" అన్నా.

"ఇవి పోయిన వారమే వచ్చినాయమ్మా. నువ్వే చూసి కాపీ కొట్టినట్టుండావే" అని నవ్వినాడు.

ధర్మవరం పట్టు అనే పేరుకు చట్టం కాపలా ఉందంట. నా పూలకు ఎవురున్నారు?

మళ్లా నేసే చీరకు ఏం అంచు వెయ్యాలని మా ఆయన అడిగినాడు. పాత మామిడి పిందెలే వెయ్యమన్నా. జొన్న కంకులది ఒకటి గీసి పెట్టినా. ఎవురికీ చూపించను. ఆయనకు గూడా.