కుంకుమ కింద నూనె కంత

ఆదోని,
ఫాల్గుణ మాసం.

తల్లి లాగా పెంచిన అక్క పాదాలకు తమ్ముడు నాగప్ప మొక్కి రాసుకునేది. నేనిక్కడ కులాసా. మీరంతా ఎలా ఉన్నారు? నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ సంతలకు తిరిగి తిరిగి చిక్కిపోలేదు కదా? పెద్దత్త దగ్గు ఎలా ఉంది? సుశీల బడికి పోతోందా, వాకిట్లో కూర్చుని రాగం తీస్తోందా? అన్నీ వివరంగా రాయి. నాకు ఒంట్లో ఏ నలతా లేదు. పోయినసారి రాసిన తుమ్ములు దూది నలుసు వల్ల వచ్చినవి. అవి పత్తి మిల్లులో ప్రతివాడికీ ఉంటాయి. మళ్లీ చెబుతున్నాను, నాకు ఏ నలతా లేదు.

నీ ఉత్తరం మొన్న అందింది. బావ సంతలో కొత్త చెప్పులు పోగొట్టుకుని ఉత్త కాళ్లతో ఇల్లు చేరిన సంగతి చదివి పగలబడి నవ్వాను. దాని కింద నువ్వు రాసిన సంగతికి మాత్రం అన్నం సహించలేదు. నువ్వు నేసే చీరలకు కుడి అంచు వదులుగా వస్తోందని, సంతలో విప్పి చూసినవాళ్లు మడిచిపెట్టి పోతున్నారని రాశావు. దిష్టి తీయించినా తగ్గలేదట, నాయన మగ్గానికి కాలం చెల్లిందని బావ అంటున్నాడట. ఉగాది కాగానే గోనెగండ్ల మనిషి ఎవరో వచ్చి మగ్గం కొని విప్పుకుపోతాడని, ఆ తరువాత నువ్వు చేలల్లో కూలికి పోతావని రాశావు. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో, "మగ్గం బాగానే ఉందేమో, నా చెయ్యే చెడిందేమోరా" అని కూడా రాశావు. అది నేను చదవననుకున్నావు కాబోలు.

అక్కా, ఒక్క అమావాస్య ఆగు. ఉగాది ముందు వచ్చే అమావాస్యకు నేను వస్తున్నాను, సెలవు దొరికింది. అంతవరకూ మగ్గాన్ని ఎవరికీ ఇవ్వొద్దు. ఎందుకు ఆగమంటున్నానో తెలియాలంటే మా మిల్లులో జరిగింది నువ్వు వినాలి. బావ పక్కన ఉంటే గట్టిగా చదివి వినిపించు.

ముందు నా సంగతి. స్టేషను దగ్గర గదిలోనే ఉన్నాను. ఎండలు అప్పుడే ముదిరాయి, రేకుల కప్పు పొద్దున పది గంటలకే కాలుతోంది. రొట్టె తట్టడం వచ్చేసింది, కాకపోతే ఏ రొట్టే గుండ్రంగా రాదు. ఆదివారం వీధి చివర ఉగ్గాని, బజ్జీ తింటాను. బజ్జీలో మిరపకాయ నీ చేతి కారం ముందు ఎందుకూ పనికిరాదు. అన్నిటికీ అలవాటు పడ్డాను గానీ, లేవగానే మగ్గం చప్పుడు వినపడకపోవడానికే ఇంకా అలవాటు పడలేదు. ఏదో లోటుగా ఉంటుంది.

మా మిల్లులో పత్తి నుంచి గింజ తీసే యంత్రాలు పన్నెండు. అన్నిటినీ ఒకే నూనె ఇంజను తిప్పుతుంది. ఇంజను నుంచి షెడ్డు ఆ చివరిదాకా పొడుగాటి ఇనుప షాఫ్టు ఒకటి పోతుంది. అది ఆనుకుని తిరిగే చోట్లను బేరింగులు అంటారు. ఒక్కో బేరింగుకు నెత్తిన నూనె పోసే కంత ఉంటుంది. ఇంజను డ్రైవరు ఖాసింసాబ్. గడ్డం నెరిసిన పెద్దమనిషి, నన్ను దగ్గర పెట్టుకుని పని నేర్పుతున్నది ఆయనే.

ఇక్కడ అమావాస్య అమావాస్యకూ సగం పూట మిల్లు ఆపి యంత్రాలకు పూజ చేస్తారు. పైపైన తుడిచి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, బొరుగులు బెల్లం పంచుతారు. దసరాకైతే ఇంకా ఘనంగా చేస్తారట. మధ్యాహ్నం మళ్లీ ఇంజను మొదలవుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు వింతగా అనిపించింది. సగం పూట అన్నీ ఆగి ఉంటే ఒక్కరూ పానా చేతికి తీసుకోరు. మన ఇంట్లో అలా కాదు కదా. అమావాస్య నాడు నాయన నేసేవాడు కాదు, కానీ మగ్గాన్ని వదిలేవాడూ కాదు. పొద్దున్నే మగ్గం గుంటలోకి దిగి తాడు తాడూ లాగి చూసేవాడు, గుంజలు ఊపి చూసేవాడు, నూలు పోగులు దూరే అచ్చు పళ్ల మీద గోరుతో గీస్తూ పోయేవాడు. అన్నీ అయ్యాకే నీచేత పసుపు పెట్టించేవాడు. అంతా బాగున్నప్పుడు ఎందుకు విప్పుతావని నేను విసుక్కునేవాడిని.

పుష్య మాసం నుంచి మూడో బేరింగు కీచుమంటోంది. యంత్రాలు నెమ్మదించాయి. ఒక్క పూట ఆపి విప్పి చూద్దామని ఖాసింసాబ్ రెండుసార్లు అడిగాడు. మాఘ అమావాస్య పూజ దగ్గర నేనూ నోరు విప్పాను. ఎలాగూ ఆపినారు కదా, విప్పి చూద్దామన్నాను. మా యజమాని శెట్టిగారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు.

"ఎమ్మిగనూరు మగ్గాలోళ్ల పిల్లోనివి, ఇంజను సంగతి నీకేం తెలుసప్పా?"

"మా నాయన అమావాస్యకు మగ్గం విప్పి సూస్తాండె శెట్టిగారూ. బాగున్నా సూస్తాండె."

"బాగున్నదాన్ని విప్పేదేంది? బయట పత్తి బండ్లు సూసినావా? సీజను పోనీ. అయినా నెలనెలా పూజ సేస్తానే ఉండాం కదా."

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున మూడో బేరింగు కాలిపోయేంత వేడెక్కి, దాని మీద పేరుకున్న దూది నలుసుకు నిప్పంటుకుంది. పత్తి మిల్లులో పొగ అంటే ఏమిటో నీకు వేరే చెప్పాలా? పత్తి అందించే ఆడవాళ్లు బుట్టలు పడేసి బయటికి పరుగెత్తారు. మేం ఇసుక చల్లి, గోనెలు తడిపి కప్పాం. ఎవరికీ ఏమీ కాలేదు. నాకు కూడా ఏమీ కాలేదు, కావాలంటే వచ్చినప్పుడు చేతులు చూసుకో. ఒక్క పూట ఆపమంటే ఆపని మిల్లు అయిదు రోజులు ఆగింది. బండ్లన్నీ పక్క మిల్లుకు మళ్లాయి.

శెట్టిగారి కోపమంతా ఖాసింసాబ్ మీద పడింది. "నూనె పొయ్యకుండా నిద్దర పోతాంటివా? రేపటినుంచి రావద్దు పో" అన్నాడు. ఖాసింసాబ్ నూనె డబ్బా కింద పెట్టాడు. ఆయన రోజూ నూనె పోయడం నా కళ్లతో నేను చూశాను. నాకు ఒళ్లు మండింది. ఒక ఉలి తీసుకుని బేరింగు దగ్గర కూర్చుని, దాని నెత్తిన పిడికిలంత ఎత్తున గడ్డకట్టిన ఎర్ర ముద్దను చెక్కడం మొదలుపెట్టాను. పసుపు పొర, కుంకుమ పొర, మధ్యలో దూది, మళ్లీ పసుపు పొర. ఎన్ని దసరాలో, ఎన్ని అమావాస్యలో. అంతా ఊడొచ్చాక అడుగున నూనె కంత బయటపడింది. కంత పూర్తిగా మూసుకుపోయినప్పటి నుంచీ పోసిన నూనె ఆ ముద్ద మీంచి జారి నేల పాలయింది, లోపలికి చుక్క పోలేదు.

గుమ్మానికి ఎదురుగా ఉండేది ఆ బేరింగే. అందుకని శెట్టిగారి నాయన మొదటి బొట్టు దానికే పెట్టేవాడట. తరువాత శెట్టిగారూ అక్కడే పెడుతూ వచ్చాడు.

"కింద కంత ఉంటాదని నాకు అనుమానమే శెట్టిగారూ," అన్నాడు ఖాసింసాబ్ మెల్లగా. "మీ అమ్మోరి కుంకుమ అది. సాయెబునై ఉండి నేను గీకితే బాగుంటాదా?"

శెట్టిగారు పత్తి బేలు మీద కూలబడ్డాడు. "మా నాయన పెట్టిన సోటని నేను గీకలేదు, అమ్మోరిదని నువ్వు గీకలేదు," అన్నాడు. "ఇద్దరం కలిసి దాని గొంతు పిసికినాం గదప్పా." ఆ మాటకు ముందు ఖాసింసాబ్ నవ్వాడు, తరువాత శెట్టిగారు నవ్వాడు, ఆ తరువాత అందరం నవ్వాం. ఖాసింసాబ్ ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు మిల్లులో కొత్త పద్ధతి వచ్చింది. అమావాస్య నాడు పొద్దున్నే ముందు విప్పడం, నూనె కంతలు, యంత్రాలను తిప్పే తోలు పట్టాలు, బోల్టులు అన్నీ చూడటం, చూసిన ప్రతిదాని పక్కన సుద్దతో గీత పెట్టడం. అన్నిటికీ గీతలు పడ్డాకే టెంకాయ. కుంకుమ గోడకు పెడతారు. ఆ సుద్దముక్క నా చేతికే ఇచ్చారక్కా. మిల్లు ఆగిన అయిదు రోజుల్లోనే అన్నిటికీ మొదటి గీతలు పెట్టేశాను, ఈ అమావాస్యకు నా బదులు ఖాసింసాబ్ పెడతాడు. "ఎమ్మిగనూరోడా, మీ నాయన ఇంకేం సూస్తాండె?" అని శెట్టిగారు ఇప్పుడు తానే అడుగుతున్నాడు. నాయన ఉండి ఆ మాట వింటే ఎంత మురిసిపోయేవాడో.

ఇక అసలు సంగతి. రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ కుంకుమ ముద్ద చెక్కుతుంటే నాకు హఠాత్తుగా ఇంకో ముక్క గుర్తుకొచ్చింది. కార్తీకంలో నేను ఆదోని బండెక్కే ముందు రోజు, నేసిన బట్ట చుట్టుకునే దోనె ఊగుతోందని నువ్వన్నావు. దాన్ని మోసే కుడి గుంజ కదులుతోంది. సరిగా పాతాలంటే గుంట తవ్వాలి. ఊరికి పోయే తొందరలో ఒక చింతచెక్క ముక్క గుంజ పక్కన దోపి, సుత్తితో రెండు దెబ్బలు వేసి, వచ్చే అమావాస్యకు బాగు చేస్తానని చెప్పాను. నువ్వు నన్ను నమ్మావు. నాలుగు అమావాస్యలు వెళ్లిపోయాయి. వానల్లో ఉబ్బి ఉన్న చెక్క ఈ ఎండలకు ఎండి సన్నబడి ఉంటుంది. గుంజ పక్కకు ఒరిగితే దోనె కుడివైపు వదులవుతుంది, అంచూ అటువైపే వదులవుతుంది. ఇక్కడ ఊరివాళ్ల యంత్రాలకు సుద్దగీతలు పెడుతూ, మన మగ్గాన్ని నేనే గాలికి వదిలేశాను. నన్ను తిట్టు అక్కా, తిట్టినా పడతాను.

గోనెగండ్ల మనిషికి ఇప్పుడు రావద్దని కబురు పంపించు. ఆ ముక్కను బావను ముట్టనివ్వొద్దు, ఆయన లాగితే గుంజ మొత్తం ఊడి వస్తుంది. నేను వచ్చి పీకి, గుంజను తిరిగి పాతుతాను. నాకోసం శనక్కాయల కారం దంచి ఉంచు, పాత దుప్పటి ఒకటి ఉతికి పెట్టు. సుశీలకు సుద్దముక్కలు తెస్తున్నాను. పెద్దత్తకు, బావకు నా దండాలు చెప్పు. మీ అందరి దీవెన ఉంటే నాకు ఇక్కడ ఏ లోటూ లేదు.

నీ చెయ్యి చెడలేదు అక్కా. అది నాయన చెయ్యే.

నీ తమ్ముడు,
నాగప్ప.